బొడ్డు కోసిన ఇనుము

నేను కుట్టిన సంచికి మూడు కడుపులుండేవి. ఆ మాట నాదే. డాక్టరమ్మ మాత్రం దాన్ని 'సెట్టు' అనేది. ఖాకీ గుడ్డతో మూడు చిన్న సంచులు విడివిడిగా కుట్టి, పక్కలకు టేపులు పెట్టాలి. ఆ టేపులు ముడివేస్తే మూడూ కలిసి ఒకే సంచి కావాలి. భుజాన వేసుకుని ఊరినుంచి ఊరికి నడిచినా లోపల గిన్నె చప్పుడు కాకూడదు. విప్పితే ఏ సంచికాసంచి నేలమీద చాపలాగా పరుచుకోవాలి. ఎర్ర టేపు సంచిలో సబ్బు, గోళ్లు రుద్దుకునే బ్రష్షు, ఉతికి ఎండబెట్టిన గుడ్డలు. తెల్ల టేపు సంచిలో కత్తెర, బొడ్డు కట్టే దారం, వాటిని ఉడకబెట్టే మూతగిన్నె. పచ్చ టేపు సంచిలో దూది, పుట్టిన బిడ్డ కళ్లలో వేసే చుక్కల మందు, బిడ్డను చుట్టే మెత్తటి పంచె ముక్క. మంత్రసానులకు చదువు రాదు కనుక రంగులతో గుర్తు పెట్టాం.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. పెళ్లయిన రెండో ఏడే భర్త పోయి నేను వనపర్తిలో మా నాన్న ఇంటికి చేరాను. చేతికి కుట్టుపని వచ్చు, నోటికి ఊరుకోవడం రాదు. ఇంట్లో వదినలకు నా నోటితో పడలేక, దవాఖానాలో కుట్టుమనిషి కావాలట అని ఎవరో అనగానే సంతోషంగా పంపించారు. డాక్టరమ్మ హైదరాబాదు మనిషి. ఊళ్లలో పురుళ్లు పోసే మంత్రసానులను పిలిపించి పని నేర్పాలని, నేర్చుకున్నవాళ్లకు తలా ఒక సంచి ఇచ్చి పంపాలని ఆమె పట్టుదల. వనపర్తిలో నేర్పింది, గద్వాలలో నేర్పింది, నాగర్‌కర్నూలుకు నన్నూ సంచులనూ బొగ్గు బస్సులో వేసుకుని పోయి నేర్పింది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచే రోజులవి. దిగేసరికి మా ముఖాలు చూసి మేమే నవ్వుకునేవాళ్లం.

పాఠం అంటే నోటితో చెప్పే పాఠం కాదు. చేత్తో చేసి చూపాలి, వాళ్లతో చేయించాలి. అందుకు నేనొక గుడ్డబొమ్మ కుట్టాను. బిడ్డంత బరువు రావడానికి కడుపులో జొన్నలు పోశాను. బొడ్డుకు గుండీ కుట్టి, అల్లిన దూదితాడును దానికి తగిలించాను. తాడు కోస్తే మళ్లీ కొత్త తాడు తగిలించుకోవచ్చు. బొమ్మను చూసి మంత్రసానులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఆడపిల్లా మగపిల్లాడా చెప్పందే ముట్టనన్నది ఒకామె. ముక్కు ఎవరి పోలిక అని అడిగింది ఇంకొకామె. డాక్టరమ్మకు సగం తెలుగే అర్థమయ్యేది కాబట్టి సరిపోయింది. కానీ నవ్వినవాళ్లే వారం తిరిగేసరికి కళ్లు మూసుకుని కూడా ఏ టేపు ఏ సంచిదో చేత్తో తడిమి చెప్పేవాళ్లు.

నాకు ఆ సంచుల మీద అంత ఆశ ఎందుకో డాక్టరమ్మకు నేను చెప్పలేదు. మా అక్కను పెబ్బేరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. మెట్ట సేద్యం, ఒక జత ఎడ్లు, మంచి మనుషులే. అక్కకు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ పుట్టినప్పుడు బాగానే ఉన్నారు, బాగానే ఏడ్చారు, పాలు తాగారు. వారం తిరక్కముందే దవడలు బిగుసుకుని, పాలు పట్టలేక, ఒళ్లు విల్లులా వంగి పోయారు. ఊళ్లో దాన్ని గాలి అంటారు. గాలి సోకింది అంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. రెండోవాడు పోయినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ బిగుసుకున్న చిన్న పిడికిలి విప్పుదామని చూశాను. విప్పలేకపోయాను.

దవాఖానాకు వచ్చిన కొత్తలో డాక్టరమ్మ ఒకరోజు కొడవలి తెప్పించి అందరికీ చూపించింది. చూరులో గుచ్చి ఉండే కొడవలి, గడ్డి కోసేది అదే, పేడ గీకేది అదే, బొడ్డు కోసేదీ అదే. దాన్నుంచే ఆ జబ్బు బిడ్డ ఒంట్లోకి పోతుందని చెప్పింది. నేను గుడ్డ కత్తిరిస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. మా అక్క ఇద్దరు పిల్లలూ ఒక కొడవలి వల్ల పోయారని తెలిసినప్పుడు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరిమీద మండాలో తెలియక ఆ పూట కుట్టిన కుట్లన్నీ వంకరపోయాయి.

అక్కకు మూడోసారి నెల తప్పిందని తెలిసిన మర్నాడే నేను ఆ పల్లెకు పోయాను. ఊరవతలి వాడలో ఉండే మంత్రసాని అవ్వ కాళ్లూ గడ్డమూ పట్టుకుని వనపర్తికి తీసుకొచ్చాను. ముందు రానన్నది. అంగట్లో ఎడ్లను చూసినట్టు నన్ను పైనుంచి కిందికి చూసి, తన చేతిమీద పుట్టినదాన్ని తనకే నేర్పుతానంటున్నానని నవ్వింది. నేను నిజంగానే ఆమె చేతిమీద పుట్టాను, ఎందుకంటే మా అమ్మది ఆ పల్లే. కానీ వచ్చాక ఆమె నేర్చుకున్నంత శ్రద్ధగా ఇంకెవరూ నేర్చుకోలేదు. చేతులు కడగమంటే మోచేతుల దాకా రుద్దేది. నా చేత్తో కుట్టిన సంచుల్లో అన్నిటికంటే గట్టి కుట్టు చూసి ఆమెకు ఇచ్చాను.

వాడిన సబ్బు, దూది, మందు మళ్లీ నింపడానికి మేము పెబ్బేరు అంగడికి పోయేవాళ్లం. పశువుల అంగడికి చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తాయి కనుక మంత్రసానులూ ఏదో ఒక బండిలో వచ్చేవాళ్లు. ఒక బండి నీడలో దుప్పటి పరిచి, సంచులు విప్పి, ఏమి తగ్గిందో చూసి నింపడం నా పని. మొదటి అంగడిలోనే సంగతి బయటపడింది. వచ్చిన సంచులన్నిటిలోనూ సబ్బు అరిగింది, దూది అయిపోయింది, గిన్నె తళతళలాడుతోంది. కత్తెర మాత్రం ఒక్క సంచిలోనూ లేదు.

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. అమ్ముకున్నారనుకుంది. నేనూ ఒక నిమిషం అట్లాగే అనుకున్నాను. మా అక్క ఊరి అవ్వను పక్కకు పిలిచి అడిగితే, ఇందులో అడిగేదేముంది అన్నట్టు చెప్పింది. పటేలింట్లో పురుడు పోసింది. బొడ్డు కోసిన ఇనుము పురుడు తీరేదాకా బిడ్డ తలాపున ఉండాలి కదా, గాలి రాకుండా. వాళ్లు ఉంచుకున్నారు. పురుడు తీరాక ఇస్తారు.

ఈ ఆచారం నాకు తెలియనిది కాదు. నా తలాపునా పెట్టే ఉంటారు. కొడవలి ఏ ఇంటిది ఆ ఇంట్లోనే ఉండేది కనుక ఇన్నాళ్లూ అది ఎవరికీ అడ్డం రాలేదు. రోజూ చూసేది కంటికి ఆనదు. మూడు రంగుల టేపులు ఆలోచించినవాళ్లం, గిన్నె చప్పుడు కాకూడదని ఆలోచించినవాళ్లం, కత్తెర ఆ గడపలో పడితే బయటికి రాదని మాకు తట్టలేదు. ఒక ఇంట్లో కత్తెర దిండు కింద ఉండగా పక్కింట్లో పురుడు వస్తే మంత్రసాని చేతికి మళ్లీ చూరులో కొడవలే.

రెండేసి కత్తెరలిస్తే పోతుందని నేనన్నాను. ఉన్నవే మహా కష్టంమీద వచ్చాయి, యుద్ధం వల్ల ఇంకెక్కడా దొరకడంలేదు అన్నది డాక్టరమ్మ. ఆమే ఒక ఉపాయం చెప్పింది. కత్తెరను పొడుగాటి టేపుతో సంచికే కుట్టెయ్యమంది. నాలుగు వరసల కుట్టు వేశాను, ఎద్దు లాగినా ఊడకుండా. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు. తరువాతి అంగడికి మంత్రసానులు ఉత్త చేతులతో వచ్చారు. ఇళ్లవాళ్లు సంచికి సంచే తలాపున పెట్టుకున్నారట.

అప్పుడు నేను ఆ కుట్లు విప్పేసి మేకులు వేశాను. కమ్మరి దగ్గర లావుపాటి మేకులు చేయించి సంచికి కొన్ని చొప్పున పెట్టి, ఇదీ ఇనుమే కదా, ఇది వాళ్లకిచ్చి కత్తెర తెచ్చుకోండి అని మంత్రసానులకు చెప్పాను. వాళ్లు నన్ను జాలిగా చూశారు. ఉత్త ఇనుముతో ఏమవుతుంది, బొడ్డు కోసిన ఇనుము కావాలి కదా. పోనీ పట్టుబట్టి అడగరాదా అని కోప్పడితే అవ్వ మెల్లగా అన్నది: "పటేలింట్ల నిలబడి నా కత్తెర నాకియ్యిండ్రి అని నేనంటనా బిడ్డా? గడపలకు రానిచ్చిందే పురుడని రానిచ్చిరి."

డాక్టరమ్మే ఇళ్లకు పోయి చెప్పింది. పెద్దింటి ఆడవాళ్లు ఆమెకు మజ్జిగ ఇచ్చి, చాప వేసి, అంతా విని, తల ఊపి, కత్తెరను ఉన్నచోటే ఉంచుకున్నారు.

అక్కకు నెలలు నిండాయి. నేను ఊరికే ఉండలేక, నింపిన సంచి ఒకటి భుజాన వేసుకుని పురుటికి ముందే అక్కడికి చేరాను. అవ్వ కత్తెర ఇంకా ఎవరింట్లోనో ఉంది కనుక ఆ ఊరికి ఉన్నది నా సంచిలో కత్తెర ఒక్కటే. పొద్దున నొప్పులు మొదలైతే మధ్యాహ్నం ఎండ దిగేసరికి కాన్పయింది. గిన్నెలో కత్తెర ఉడికేదాకా అవ్వ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. దారం కట్టింది, కోసింది, కళ్లలో చుక్కలు వేసింది. పిల్లాడు ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చాడు. నేను కుట్టిన పంచె ముక్కలో వాణ్ణి చుట్టి అక్క పక్కన పడుకోబెట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం మళ్లీ ఏనాడూ కలగలేదు. బయట అక్క అత్త పీటమీద కూర్చుని దేవుళ్లందరికీ మొక్కుతోంది.

కత్తెర కడిగి సంచిలో పెట్టబోతుంటే అక్క చేయి చాపింది. ఆమె అత్త అడుగుతుందని నేను సిద్ధపడి ఉన్నాను, ఆమెతో కొట్లాడటానికి మాటలు కూడా కూర్చుకున్నాను. అక్క అడుగుతుందని అనుకోలేదు. కొడవలి సంగతంతా అంతకుముందే విడమరిచి చెప్పాను, అక్క విన్నది, ఏడ్చింది కూడా. అయినా చేయి చాపింది.

"నీ మాట నిజమే కావచ్చు చెల్లె," అన్నది. "గాలి కూడా నిజమైతే? నాకింక పోగొట్టుకునే ఓపిక లేదు."

నేను ఇచ్చాను. దిండు కింద పెట్టుకుని, పైన అరచేయి ఆనించి పడుకుంది. ఇద్దరిని మట్టిలో పెట్టిన తల్లితో వాదించే నోరు నాకు కూడా లేకపోయింది.

మూడోనాడు పొద్దున అవ్వ వాకిట్లో నిలబడింది. పిల్లాడికి నీళ్లు పోసే వేళ ఇంకా కాలేదు. తొలి కాన్పుకు తన దగ్గరికి వచ్చిన కూతురికి నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. కత్తెర కావాలి. ఆ మాట ఆమె పైకి అనలేదు, కూతురికి నొప్పులని మాత్రం చెప్పి నా ముఖంలోకి చూసింది. నేను లోపలికి పోయి అక్కను అడిగాను. ఒక్క ఘడియలో కోసి, ఉడకబెట్టి, మళ్లీ తెచ్చి పెడతానన్నాను. అక్క దిండుమీద చేయి తీయలేదు. అక్క అత్త అడ్డంగా వచ్చి నిలబడి, ఒక పురుడింటి ఇనుము ఇంకో పురుడింటికి పోతే రెండిళ్లకూ చేటని, పురుడూ పురుడూ కలవకూడదని చెప్పింది. నేను అరిచాను. నా జీవితంలో ఎవరిమీదా అంత అరవలేదు. పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపందుకుంటే అక్కా ఏడ్చింది. బయట అవ్వ అంతా వింటూనే ఉంది. నేను బయటికి వచ్చేసరికి, పిల్లగాడిని ఏడిపియ్యకు బిడ్డా అని నన్నే మందలించింది.

ఆమె చేతికి మూతగిన్నె, దారం ఇచ్చాను. పెబ్బేరు పోయి ఇంకో కత్తెర తెస్తాను, నేను రాకముందే కాన్పయితే కొడవలిని పెద్ద కుండలో వేసి, కత్తెరను ఉడకబెట్టినంతసేపూ ఉడకబెట్టమని చెప్పాను. తల ఊపింది. నేను పరుగెత్తాను.

అది అంగడి రోజు కాదు. పెబ్బేరు బజారంతా బోసిగా ఉంది. దర్జీ ఒకడు చెట్టుకింద మిషను పెట్టుకుని కూర్చున్నాడు. కత్తెర అడిగాను. ఎందుకని అడిగితే అబద్ధం చెప్పాలని తోచలేదు. బొడ్డు కోయడానికని చెప్పాను. పురుడు తగిలిన కత్తెరతో రేపు పెళ్లిబట్టలు కోస్తే ఎవరు తొడుక్కుంటారమ్మా అని, కోపంగా కూడా కాదు, నాకే న్యాయం చెబుతున్నట్టు చెప్పాడు. కిరాణాకొట్లో లేదు. ఇనుపసామాన్ల కొట్టువాడు యుద్ధం అన్నాడు. ప్రతివాడికీ ఆ ఒక్క మాట దొరికింది. చివరికి సందులో ఒక ముసలి దర్జీ, కంటిచూపు ఆనక పని మానేసినవాడు, పెట్టె అడుగునుంచి తన పాత కత్తెర తీసి ఇచ్చాడు. తుప్పు పట్టింది కానీ తెగుతుంది. ఉడకబెడితే చాలనుకుని గుండెకు హత్తుకుని మళ్లీ పరుగు.

వాడలో అడుగుపెట్టేసరికి బిడ్డ ఏడుపు వినిపించింది. కాన్పయిపోయింది. ఆడపిల్ల, చిన్న పిల్ల, నా రెండు అరచేతుల్లో పట్టేంత. బొడ్డు కోయడమూ అయిపోయింది. అవ్వ కోయలేదు. సొంత రక్తపు బొడ్డు సొంత చేత్తో కోయరట. పక్కింటామె కోసింది. కొడవలి ఉడకబెట్టారా అని అడిగాను. కుండ పెట్టేలోపే బిడ్డ పడిందని, కొడవలి మీద వేన్నీళ్లు పోసి పసుపు కూడా పూశామని ఆ పక్కింటామె ఎంతో జాగ్రత్త పడినట్టు చెప్పింది. పసుపు పూసిన ఆ కొడవలి బిడ్డ తలాపున ఉంది. నా చేతిలో తుప్పు కత్తెర ఉంది. దాన్ని ఏం చేయాలో తోచక నేలమీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాను.

ఆ తరువాతి రోజులు గుర్తుచేసుకోవడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు. పొద్దున అక్క కొడుకును చూసేదాన్ని. వాడు పాలు తాగి నిద్రపోతుంటే ఆ వాడకు పోయేదాన్ని. ఆ పిల్ల పాలు తాగుతోందా అని అడిగేదాన్ని. తాగుతోందంటే తిరిగి వచ్చేదాన్ని. మనిషిని పెట్టి డాక్టరమ్మకు కబురు పంపితే, గద్వాలకు పోయింది, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. వచ్చినా ఆ జబ్బు మొదలయ్యాక ఆమె దగ్గరా మందు లేదని నాకు తెలుసు. ఒకరోజు నేను పోయేసరికి అవ్వ కూతురు బిడ్డను ఒళ్లో పెట్టుకుని, రొమ్ము నోటికి ఆనించి, ఆనించి, మళ్లీ ఆనిస్తోంది. పిల్ల పెదవులు విచ్చుకోవడంలేదు. అవ్వ నా వైపు చూడలేదు. ఆమె చేతిమీద ఎంతమంది అట్లా పోయారో, ఆమెకు వేరే చెప్పాలా?

పిల్లను పూడ్చిన మర్నాడే అక్క పురుడు తీరింది. బాలింతకు నీళ్లు పోయాలి, అది మంత్రసాని పని. ఎవరో ఒకరిని వేరే పిలుద్దామని నేనన్నాను. అవసరం లేకపోయింది, అవ్వే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అక్కకు తలంటి, నీళ్లు పోసి, పిల్లాణ్ణి కాళ్లమీద పడుకోబెట్టుకుని ఒళ్లంతా నలుగు పెట్టింది. వాడి దవడలు మెల్లగా నిమిరింది. వాడు చప్పరించాడు. అక్క తలుపు చాటున నిలబడి చూస్తూ ఉంది, ఆమె ముఖం చూడలేక నేను పెరట్లోకి చూశాను.

నీళ్లు పోయడం అయ్యాక అక్క దిండు కిందినుంచి కత్తెర తీసింది. ఇనుము చేతినుంచి చేతికి ఇవ్వరు కనుక తెచ్చి అవ్వ ముందు నేలమీద పెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ దాన్ని తీసి సంచిలో పెట్టుకుంటుందని అనుకున్నాను.

"ఉండనియ్యమ్మా," అన్నది. "ఇంక కొన్నొద్దులు పిల్లగాని తలాపున ఉండనియ్యి. నిద్రల ఉలిక్కిపడుతుండు."

తరువాత నా వైపు తిరిగింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

"చూస్తివా బిడ్డా, గీ కత్తెర ఉన్న ఇంట్ల పిల్లగాడు దక్కిండు. మా ఇంట్ల ఉత్త కొడవలి ఉండె. గాలికి అది ఆగుతదా?"

నేను నోరు తెరిచాను. ఉడకబెట్టిన గిన్నె, పేడ, చూరు, నేను కుట్టిన బొమ్మ, డాక్టరమ్మ చెప్పిన పాఠమంతా నాలుక చివరన ఉంది. ఆమె ఆ పాఠాన్ని నాకంటే బాగా నేర్చుకుంది. కళ్ల ముందు జరిగింది మాత్రం ఆమెకు ఇంకో పాఠం చెప్పింది. నిన్ననే మనవరాలిని పూడ్చి వచ్చిన మనిషికి, తప్పు తలాపున పెట్టిన ఇనుముది కాదు, కోసిన ఇనుముది అని చెబితే కొడవలి పట్టిన ఆ పక్కింటామె చేయి ఏమవుతుంది, కత్తెర ఇవ్వని మా అక్క చేయి ఏమవుతుంది?

ఆమె పిల్లాణ్ణి అక్కకు అందించి, తడి చేతులు చీరకు తుడుచుకుని, వెళ్లబోతూ గడప దగ్గర ఆగింది.

"మా పిల్ల మళ్ల నీళ్లోసుకుని కాన్పుకొస్తే, గప్పుడు గీ కత్తెర మాకే తెచ్చిపెట్టు బిడ్డా. వేరేది వద్దు. గిదే తేవాలె."

తెస్తనవ్వా అన్నాను.